చంద్రమౌళి సార్ మూడో సీసా

చంద్రమౌళి సార్ దేన్నీ ఒంటరిగా నమ్మరు. పక్కన దానికి కంట్రోల్ ఉండాలి. కంట్రోల్ అంటే మరేం లేదు, ఒక మొక్కకు ఎరువు వేస్తే అచ్చం అలాంటి మొక్కకే ఎరువు వేయకుండా పక్కన పెట్టి, రెంటికీ తేడా చూడటం. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీ ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యారు. ల్యాబు ఆయన్ని వదిలింది గానీ, ఆయన కంట్రోల్‌ను వదల్లేదు.

ఒకసారి వాళ్లింటికి వెళ్తే ఆయన తల కుడివైపు నిగనిగలాడుతోంది, ఎడమవైపు ఎండుగడ్డిలా లేచి ఉంది.

"తలకేమైంది సార్?"

"కొత్త నూనె. జుట్టు ఊడకుంట ఆపుతదట. చూద్దాం."

"మరి సగమే రాసుకున్నరేంది?"

"మొత్తం రాస్తే, ఊడుడు నూనెతోని ఆగిందా, దానంతటదే ఆగిందా ఎట్ల తెలుస్తది రా? ఎడమ దిక్కు కంట్రోల్."

ఆర్నెల్లు తిరిగేసరికి రెండు వైపులా సమానంగా బట్టతల వచ్చింది. ఇంకొకరైతే ఏడ్చేవారు. సార్ మాత్రం నన్ను పిలిచి మరీ చూపించారు. "చూసినవా? నూనెతోని లాభం లేదు, నష్టం లేదు. పక్కా రిజల్టు!"

చెప్పులకు పాలిష్ వేస్తే ఒక్క చెప్పుకే వేస్తారు. ఒక కాలు పెళ్లికి పోతున్నట్టు, రెండో కాలు పొలానికి పోతున్నట్టు ఉంటుంది. హోటల్లో రెండు చాయ్‌లు చెప్పి, ఒకదాంట్లో చక్కెర వేయించి, ఒకదాంట్లో వేయించకుండా, రెండూ తాగి, "తేడా ఉన్నది" అని జేబులోంచి నోట్‌బుక్ తీసి రాసుకుంటారు. ఆ తేడా హోటల్ సర్వరుకు కూడా తెలుసు. కానీ అతను రాసిపెట్టలేదు కదా!

ఆయన భార్య రాజేశ్వరి గారిని ఒకరోజు అడిగాను. "ఎట్ల వేగుతున్నరు అమ్మా ఈయనతోని?"

"ఏం చెప్పమంటవు బిడ్డా! ఇద్దరికీ ఒక్కపారి పడిశం పడితే గోలి ఒక్కరే వేసుకోవాలంటడు. ఇంకొకరు కంట్రోల్ అట. చీటీలు వేస్తడు. ముప్పై ఏండ్ల సంది గోలి చీటీ నాకే వస్తాంది. ఆయన వారం దాక ముక్కు చీదుకుంట తిరుగుతడు."

"మరి మీ పెండ్లికి కంట్రోల్ ఏది సార్?" అని ఆయన్నే అడిగాను. నాకు నోరు ఊరుకోదు.

"ఎందుకు లేదు? ఈమె చెల్లెను మా తోడల్లుడు చేసుకున్నడు కదా. ఆయనే కంట్రోల్."

"రిజల్టు?"

సార్ వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, "ప్రయోగం ఇంకా నడుస్తాంది" అన్నారు.

నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో కాలేజీ మానేశాను. ఎందుకని అడగొద్దు, నాకే సరిగా తెలియదు. కూర్చోబుద్ధి కాలేదు, అంతే. ఇంట్లోవాళ్లు తిట్టారు. చుట్టాలు ఫోన్లు చేసి తిట్టారు. మా నాన్నకు కటింగ్ చేసే ఆయన, కత్తెర ఆపి మరీ తిట్టాడు. చంద్రమౌళి సార్ ఒక్కరే తిట్టలేదు.

"మీ క్లాసుల అరవై మంది. యాభై తొమ్మిది మంది డిగ్రీ చేస్తాండ్రు. ఒక్కడన్న చెయ్యకపోతే, డిగ్రీతోని ఏమొచ్చిందో ఎట్ల తెలుస్తది సాయితేజా? నువ్వు కంట్రోల్‌వి రా" అని భుజం తట్టారు.

అది మెచ్చుకోవడమో, తిట్టడమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కానీ నాలుగు రోజులుగా సరిగా తినని నేను ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

తర్వాత మా మామ యాకయ్య చేపల కుంట దగ్గర పనికి కుదిరాను. కుంట హసన్‌పర్తి చెరువుకు అవతల ఉంది. దాన్ని ఆనుకునే, ఒక్క గట్టు అడ్డంగా, పౌలు కుంట. ఒకే కాలువ నీళ్లు, ఒకే రోజు తెచ్చిన చేపపిల్లలు, ఒకే దుకాణం దాణా. ఇరవై ఏళ్లుగా మామ ఊరెళ్తే పౌలు రెండు కుంటలకూ మేత వేస్తాడు, పౌలు ఆదివారం చర్చికి వెళ్తే మామ రెంటికీ వేస్తాడు. ఇద్దరూ ఒకే అగ్గిపెట్టె వాడే మనుషులు.

మూడు రోజులు ముసురు పట్టి వదిలింది. శనివారం పొద్దున నేను కుంట దగ్గరికి వెళ్లేసరికి నీళ్ల మీద తెల్లగా పరిచినట్టు చేపలు. కడుపులు పైకి. అడుగున తిరిగే బంగారుతీగలు ఒక్కటి మిగల్లేదు, పైపైన తిరిగే బొచ్చెలు మాత్రం కొన్ని నోళ్లు పైకి పెట్టి గాలి కోసం తన్నుకుంటున్నాయి. పక్కన పౌలు కుంటలో చేపలు హాయిగా ఎగురుతున్నాయి.

మామ గట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, పక్క కుంట వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"మొన్న పొద్దుగాల పౌలు గట్టు మీద తెల్ల పొడి చల్లంగ నేను చూసిన" అన్నాడు.

"అది సున్నం మామా. ఆయన కుంటకు ఆయన వేసుకున్నడు."

"మరి ఆయనయి ఎందుకు సావలే? నాయే ఎందుకు సచ్చినయ్?"

మధ్యాహ్నానికల్లా మామ జేబులోకి పోలీసులకు ఇవ్వాల్సిన దరఖాస్తు వచ్చేసింది. 'మా కుంటలో విషం కలిపినాడని అనుమానం' అని, కింద పౌలు పేరు. సంగతి తెలిసి పౌలు గట్టు దాకా వచ్చాడు. చచ్చిన చేపల్ని చూశాడు. ఇంటికి తిరిగి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

నేను బండి తీసి సార్ ఇంటికి పరిగెత్తాను. సార్ రెండు గిన్నెల్లో మెంతులు నానబెట్టుకుంటూ, ఒకదాంట్లో నీళ్లు మరిచిపోయినట్టు ఉన్నారు. మరిచిపోలేదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆయన వచ్చి, గట్టు మీద గొంతుక్కూర్చుని, పొడుగాటి కర్రతో అడుగు బురద కెలికి పైకి తీశారు. బొగ్గులా నల్లగా ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పున కొట్టింది. మా మామ ముక్కు మూసుకున్నాడు. సార్ మాత్రం కళ్లు మూసుకుని, అత్తరు వాసన చూసినట్టు నిండుగా పీల్చారు.

"యాకయ్యా, ఆ కాయిదం జేబులనే పెట్టు. నాకు ఐదు దినాలు ఇయ్యి."

"ఐదు దినాలల్ల ఏం చేస్తవ్ సారూ?"

"ఇది విషం కాదనిపిస్తాంది. బురదల ఒక బ్యాక్టీరియా ఉంటది. దానికి గాలి పనికిరాదు. మనం గాలి పీల్చినట్టు అది నీళ్లల్ల ఉండే గంధకపు ఉప్పును వాడుకుంటది. వాడుకోని, గీ గ్యాసు ఇడుస్తది. ముసురుకు బురద కదిలి ఆ గ్యాసు పైకొస్తే చేపలు బతకయ్. కానీ నేను అన్నంత మాత్రాన అయితదా? పట్టి చూపియ్యాలె."

"కంటికి కనపడనిదాన్ని ఎట్ల పడతవ్?"

"అదే పని కదా ముప్పై ఒక్క ఏండ్లు చేసింది" అన్నారు సార్. ఆ మాట అన్నప్పుడు ఆయన అర అంగుళం పొడుగయ్యారు.

నీళ్లు, బురద పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలు మూడు తీశారు. ఏవేవో ఉప్పులు కలిపిన నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి సమానంగా పోశారు. ఒక్కోదాంట్లో ఒక్కో ఇనుప మేకు వేశారు.

"మేకెందుకు సార్?"

"ఆ గ్యాసు ఇనుముకు తగిల్తే నల్లగైతది. నలుపొస్తే దొంగ దొరికినట్టే."

మొదటి సీసాలో మామ కుంట నీళ్లు, చిటికెడు బురద. రెండో సీసాలో అవే నీళ్లు, అదే బురద, కానీ బాగా ఉడకబెట్టి. అంచు దాకా నింపి, లోపల ఒక్క గాలి బుడగ కూడా లేకుండా మూత బిగించారు.

"మూడోది?"

"పోయి పౌలు కుంటల నీళ్లు, బురద తే. మూడోది పెద్ద కంట్రోల్."

తెచ్చాను. మూడూ సిద్ధమయ్యాక సార్ నోట్‌బుక్ తెరిచారు. "చెప్పు. ఈ నెల దినాలల్ల మీ కుంటల కొత్తగ ఏం పడ్డది?"

"ఏం పడలే సార్. దాణా, వాన. అంతే." వేళ్ల మీద లెక్కపెట్టి, "ఆఁ, బతుకమ్మలు" అన్నాను.

సార్ పెన్ను ఆగింది. "బతుకమ్మలా?"

"సద్దుల బతుకమ్మ నాడు చెరువుగట్టు తవ్వి పెట్టిండ్రు కదా సార్, ఆడోళ్లు దిగే తోవ లేకుండె. మామ వర్ధన్నపేట పోయి వారం దాక రాలే. సమ్మమ్మత్త కాలనీ మొత్తాన్ని మా కుంటకు తోల్కొచ్చింది. అత్తది నడుమెత్తు బతుకమ్మ. నేనే నెత్తిన పెట్టుకోని మోసిన."

"మొత్తం ఎన్ని?"

"రెండు వందలుంటయ్. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడాకులు... మూడు దినాలు కుంట మీద తోట లెక్క ఉండె. తర్వాత మునిగినయ్. మామకు చెప్పలే. కుంటల బట్టలు పిండితేనే ఒప్పుకోడు ఆయన."

"పౌలు కుంటల?"

"వాళ్లింట్ల బతుకమ్మ ఆడరు కదా సార్. ఒక్క పువ్వు పడలే."

సార్ పెన్ను మూత పెట్టేశారు. ఏదీ రాయలేదు. "టెస్టు అయ్యేదాక ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు" అన్నారు. ఎందుకో చెప్పలేదు. సీసాలను దుప్పటి చుట్టి బీరువాలో చీకట్లో పెట్టారు. పక్కనే ఇంకో దుప్పటి, ఖాళీది, మడిచి పెట్టారు. దాని సంగతి నేను అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

రెండో రోజుకే మొదటి సీసా నల్లబడటం మొదలైంది. మూడో రోజుకు సిరాబుడ్డి అయింది. రెండోది అద్దంలా తేటగా ఉంది. మూడోదాన్ని మాత్రం సార్ అప్పుడే దుప్పట్లోంచి తీయనివ్వలేదు. సార్ తన పాత మైక్రోస్కోపు తుడిచి, ఒక చుక్క నలుపును పెట్టి నన్ను చూడమన్నారు. మొదట నా కనురెప్పలే కనబడ్డాయి. తర్వాత వంకర తిరిగిన సన్నటి కడ్డీలు, పుస్తకంలోని కామాలన్నీ పేజీ విడిచి ఈతకు దిగినట్టు. ఇంత చిన్న కామా కిలో చేపను చంపిందా? నాకు తల తిరిగింది. నిజానికి ఆ వారమంతా తిరుగుతూనే ఉంది.

నాలుగో రోజు సమ్మమ్మత్త వచ్చింది. నేనేం చెప్పలేదు, ఆవిడకే అనుమానం వచ్చినట్టుంది. టిఫిన్ డబ్బాలో సకినాలు తెచ్చి, అవి ఇవ్వడం మరిచిపోయి, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"సారూ, పూలతోని చేపలు సస్తయా?"

సార్ కుర్చీ ఆవిడ వైపు జరిపారు.

"నేను చిన్నప్పటి సంది బతుకమ్మ పేరుస్తాన సారూ. మా ఆయనకు తెలిస్తే తిడతడు, పోనీయ్, తిట్టనీయ్. కానీ కాలనీ ఓళ్లందరు ఏమంటరు? బతుకమ్మను ఎత్తిన చేతితోని కుంటను సంపిందంటరు. పౌలన్న మొకం ఎట్ల చూడాలె? గదే నిజమైతే నేను మల్ల బతుకమ్మ ముట్ట సారూ. ఒట్టు."

"టెస్టు కాలే సమ్మమ్మా. కంట్రోల్ చూడకుంట నేనేం చెప్ప" అన్నారు సార్, ఆవిడ చేతిలోంచి డబ్బా తీసుకుంటూ. అందులో రెండు సకినాలు తీసి, ఒకటి తిని ఒకటి పక్కన పెట్టారు. అత్త కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆవిడ వెళ్లాక బీరువా తెరిచి మూడో సీసా తీశాం. పౌలు కుంటది. తేటగా ఉంది, అడుగున మాత్రం ఆవగింజంత నలుపు. చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. కాలువ ఒకటే, దాణా ఒకటే, ముసురు ఒకటే. పూలు పడ్డ కుంట సిరాబుడ్డి, పడని కుంట ఆవగింజ.

"దొరికింది సార్!" అన్నాను.

"ఊఁ" అన్నారు సార్, అంత సంతోషం లేకుండా. "ఆ పురుగు అందరి బురదల ఉంటది రా. మేత పడ్డకాడ పెరుగుతది. అంతే."

ఐదో రోజు సాయంత్రం సార్ వరండాలో కొత్తవాడ జంపఖానా పరిచారు. ఒక కొసన మా మామ, జేబులో దరఖాస్తు. ఇంకో కొసన పౌలు. మధ్యలో నలుగురు పట్టేంత ఖాళీ. అత్త గోడకు ఆనుకుని నిలబడింది. సార్ లోపలి నుంచి సీసాలు తెచ్చారు. రెండే తెచ్చారు.

"యాకయ్యా, ఇది నీ కుంట" అని నల్ల సీసా చూపించారు.

మామ దాన్ని చూసి, "నువ్వేసిన మందుకే నల్లగైనట్టుంది సారూ" అన్నాడు. నేను ఊహించిన మాటే.

సార్ మొహం వెలిగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టు రెండో సీసా ముందుకు జరిపారు. "గిదే మందు దీంట్ల కూడ ఏసిన. నీ కుంట నీళ్లే, నీ కుంట బురదే. తేడా ఒక్కటే, దీన్ని ఉడకబెట్టిన. ఉడకబెడితే ప్రాణమున్నయి సచ్చిపోయినయ్, నలుపు రాలే. అంటే నలుపు తెచ్చింది ప్రాణమున్నదే. సున్నానికి ప్రాణముంటదా?"

మామ రెండు సీసాల్నీ మార్చి మార్చి చూశాడు. "ఉండదు" అన్నాడు మెల్లగా.

"మరి ఆ కాయిదం?"

మామ జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. జంపఖానా మీద ఇంత దూరం జరిగాడు. "పౌలన్నా, జర ఏమనుకోకు."

"అనుకున్న" అన్నాడు పౌలు. "ఐదు దినాలు బాగనే అనుకున్న. ఇగ అయిపోయింది. నా కుంటల పిల్లలు ఎక్కువున్నయ్, నీ కుంట బాగైనంక తీస్కపో."

నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ మా మామ గడ్డం గోక్కుని, "అది సరే సారూ. గిన్నేండ్లు లేంది గీ పురుగు గిప్పుడే ఎందుకు పెరిగింది? ఎవలు ఏం ఏసిండ్రు కుంటల?" అన్నాడు.

గోడ దగ్గర అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సార్ కళ్లజోడు తీసి తుడిచారు. ఒక అద్దమే తుడిచారు. "అది చెప్పరాదు యాకయ్యా. చెప్పాలంటే అచ్చం నీ కుంట లాంటి కుంట ఇంకోటి ఉండాలె. కంట్రోల్ లేంది నేనెన్నడు నోరు తెర్వ. అసొంటి కుంట లేదు."

"ఉంది కద సార్!" అన్నాను నేను. "పౌలు కాక కుంట! ఆ మూడో..."

పాలిష్ వేసిన చెప్పు వచ్చి నా కాలి మీద పడింది.

"అది కంట్రోల్‌కు పనికిరాదు" అన్నారు సార్ తాపీగా. "దాని మీద రెండు తాడిచెట్ల నీడ పడతది."

"సార్, మీరు తలకాయనే కంట్రోల్ చేసిన్రు కద, నీడ పడితే..."

ఈసారి పాలిష్ వేయని చెప్పు. తేడా చూడటానికేమో. తేడా లేదు, రెండూ సమానంగానే నొప్పి పుట్టాయి.

"కాబట్టి ఎవ్వల తప్పని చెప్పరాదు" అని సార్ ముగించారు. "ఇగ చేసేది చూడు. అడుగు బురద తీయించు, సున్నం చల్లు, నీళ్లల్లకు గాలి కొట్టించు. కోళ్ల ఎరువు గానీ, మిగిలిన దాణా గానీ, ఆకు గానీ, పువ్వు గానీ, కుళ్లేటిది ఏదీ కుంటల పడొద్దు. నీకే కాదు, పౌలూ, నీకు కూడ చెప్తాన."

'పువ్వు' అన్న మాట కోళ్ల ఎరువు వెనకాల ఎంత నక్కి కూర్చుందంటే, మా మామ దాన్ని గమనించనే లేదు. అత్త గమనించింది. కొంగు నోటి మీంచి దిగింది.

నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు. కంట్రోల్ పేరు చెప్పి సగం తలకు నూనె రాసుకున్న మనిషి, చేతికి అందిన కంట్రోల్‌ను కాదన్నాడేంటి? పెద్దవయసు, తాడిచెట్లు, నీడ, ఏదీ అతకలేదు. అడుగుదామంటే నా కాలి వేళ్లు ఒప్పుకోలేదు.

మరుసటి ఏడు సద్దుల నాటికి చెరువుగట్టు బాగైంది. సమ్మమ్మత్త బతుకమ్మ ఈసారి ఛాతీ ఎత్తు. చెరువు దాకా నేనూ, ఒక కొస పట్టుకుని మా మామా మోశాం. తిరిగొచ్చాక అత్త నాకు రెండు డబ్బాల నువ్వుల సద్ది ఇచ్చి, "సారుకు ఇచ్చిరా. రెండు ఎందుకంటే నీకు తెల్సు కదా" అంది.

వెళ్లేసరికి సార్ స్నానం చేస్తున్నారు. బల్ల మీద నోట్‌బుక్ తెరిచి ఉంది. తిరగేస్తే పోయినేడు పేజీ దొరికింది. 'సీసా 1: నలుపు. సీసా 2: తేట.' దాని కింద అందంగా, గుండ్రంగా, 'సీసా 3: చేయి జారి పగిలినది.'

తలెత్తి చూస్తే కిటికీలో మూడో సీసా. లేబుల్‌తో సహా. అడుగున ఆవగింజంత నలుపు అలాగే ఉంది. నిటారుగా, చెక్కుచెదరకుండా నావైపే చూస్తోంది.

చక్కెర లేని చాయ్‌కి, ఉన్న చాయ్‌కి తేడా కూడా నిజాయితీగా రాసిపెట్టుకున్న మనిషి జీవితంలో రాసిన ఒకే ఒక్క తప్పుడు రీడింగు అది. ఆ నిమిషాన నాకు ఇంకోటి కూడా అర్థమైనట్టయింది. ముప్పై ఏళ్లుగా రాజేశ్వరి గారికే వస్తున్న గోలి చీటీ. రెండు చీటీల్లోనూ 'గోలి' అనే రాసి, ముందు ఆమెను తియ్యమంటారేమో!

సార్ తల తుడుచుకుంటూ వచ్చారు. తుడవడానికి ఏమీ లేదు గానీ, ఒకవైపే తుడుస్తున్నారు.

"సార్, మూడో సీసా పగిలిందని రాసిన్రు?"

"పగిలింది."

"మరి కిటికీల ఉన్నదేంది?"

సార్ సీసా వైపు చూశారు. నా వైపు చూశారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"అది కంట్రోల్ రా" అన్నారు. "ఒకటి పగలకుంట ఉంటేనే కదా, ఇంకోటి పగిలిందని తెలిసేది."

సద్ది డబ్బా ఒకటి తెరిచి తన ముందు పెట్టుకుని, రెండోది నావైపు తోశారు.